ఎలుకలు తినని అంచులు

ఆ వీధిలో అతన్ని అందరూ అట్టలాయన అంటారు. పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. వచ్చి ముప్పై అయిదేళ్లయింది, ఇంక పోదు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. కొట్టులో నలుగురు నిలబడితే అయిదో మనిషి గుమ్మంలో ఉండిపోవాల్సిందే. ఒక గోడకి కటింగు మిషను, ఎదురుగోడకి కుట్టు బల్ల, మధ్యలో జిగురు గిన్నె. పక్క కొట్టు అతని బావమరిదిది, జిరాక్సు కొట్టు. మధ్యగోడ పలచన. ఇక్కడ తుమ్మితే అక్కణ్ణుంచి చిరంజీవ అని వినిపిస్తుంది.

పని అతనికి పెదనాన్న నేర్పాడు. అంచు సరిగా లేని పుస్తకం తల దువ్వుకోని పెళ్లికొడుకులాంటిదని ఆ పెద్దమనిషి నమ్మకం. మొదటివారంలోనే వంకర కోత కోసినందుకు వీపు మీద ఒకటి తగిలించాడు. ఆ దెబ్బ జీవితాంతం పనిచేసింది. అట్టలాయన చేతిలోంచి బయటకు వచ్చిన పుస్తకం అంచు మీద వేలు పెట్టి నడిపిస్తే ఒక్క కాగితం కూడా తగలదు. పిల్లల నోటుబుక్కయినా, ఆసుపత్రి రిజిస్టరయినా సరే, మూడు వైపులా కత్తి పడాల్సిందే. అడిగినా అడగకపోయినా పడుతుంది.

పెదనాన్న దగ్గర వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. కాగితం పారెయ్యడు. కోసినప్పుడు రాలిన సన్నని పేలికలన్నీ మిషను కింద బుట్టలో పడేస్తాడు. పుస్తకం కుట్టాక వెన్ను మీద జిగురు రాసి, ఆ పేలికలు మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి అతికించి, పైన గుడ్డ వేసి, అట్ట ఎక్కిస్తాడు. వెన్ను గట్టిగా ఉంటుంది. ఆ లోపల ఏముందో పుస్తకం చిరిగేదాకా ఎవరికీ తెలియదు.

రెండు వీధుల అవతల మేడ మీద ఒక రిటైరైన లెక్చరరమ్మ ఉండేది. కాలేజీలో ముప్పై ఏళ్లు తత్వశాస్త్రం చెప్పిన మనిషి. ఆవిడ ఒకరోజు పొడుగాటి నోటుబుక్కులు మూడు గుండెలకు హత్తుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ కొట్టుకు వచ్చింది.

"ఏమయ్యా, కుట్లు ఊడిపోతున్నాయి. మూడూ ఒకే రకంగా కట్టు. నాకు ఇవి ప్రాణం. ఒక్క ముక్క పోకూడదు."

"ఎందుకు పోతుందమ్మా? మీరు నిశ్చింతగా వెళ్లి రండి."

అంచుల్లో రాతలున్నాయని ఆవిడ చెప్పలేదు. పుస్తకం తెరిస్తే కనబడేదే కదా, చెప్పేదేముందనుకుంది. పుస్తకం తెరవాల్సిన అవసరం ఇతనికి కనబడలేదు. ముప్పై అయిదేళ్లుగా చేస్తున్న పనికి తెరిచి చూసేదేముందనుకున్నాడు.

మంగళవారం పొద్దున మొదటి నోటుబుక్కు మిషను కింద పెట్టి, బిగించి, పిడి లాగాడు. పేలికలు రాలాయి. గుప్పెడు తీసి బుట్టలో వెయ్యబోతూ చూస్తే, వాటి మీద పెన్సిలు రాత ఉంది. చీమతలకాయంత అక్షరాలు, నిలువునా, పేలిక నిండా.

అట్టలాయన పుస్తకం విప్పి చూశాడు. పేజీ మధ్యలో నీలం సిరా రాత భద్రంగా ఉంది. పెన్సిలు రాతే పోయింది. మిగతా రెండూ విప్పి చూశాడు. వాటి అంచుల్లోనూ ఉంది.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి, ఎందుకంటే అతనూ ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఆ రెండూ కోయకుండా పక్కన పెట్టి, మేడ ఎక్కి, అమ్మా ఘోరం జరిగింది అని చెప్పి ఉంటే ఈ కథ ఇంత ఉండదు. అతను ఏమనుకున్నాడంటే, ఒకటి చిన్నదీ రెండు పెద్దవీ అయితే జత కుదరదనుకున్నాడు. పెన్సిలు రాతే కదా, ముఖ్యమైనదైతే సిరాతో రాసుకునేది కదా అనుకున్నాడు. అవి పైకి అనుకున్నవి. లోపల అనుకున్నది వేరు. కోయని రెండూ పక్కనుంటే, కోసినదాంట్లో ఏం పోయిందో ఆవిడకు తెలిసిపోతుంది. మూడూ కోసేస్తే సాక్ష్యం ఉండదు.

పిడి ఇంకో రెండుసార్లు లాగాడు.

ఆవిడ వచ్చి పుస్తకం తెరిచింది. మొదట సంతోషించింది, అట్ట మీది క్యాలికో గుడ్డ రంగు బాగుందంది. తర్వాత ఆవిడ వేలు అంచు మీదకి వెళ్లి, అక్కడే తడుముకుంటూ ఉండిపోయింది.

"ఇక్కడ రాసినవి ఏవయ్యా?"

అట్టలాయన నోరు అతన్ని అడగకుండానే మాట్లాడింది. "అంచులు ఎలుకలు కొట్టేశాయమ్మా. పొడిపొడి అయిపోయాయి. కొయ్యక తప్పలేదు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. పెద్దగా ఏడవలేదు. "నాదే తప్పు. బీరువాలో చోటు లేదని అటక మీద పెట్టాను. నా బుద్ధి గడ్డి తిని అటక మీద పెట్టాను," అంది. కాసేపటికి తనే తేరుకుని, అతని ముఖం చూసి, "నువ్వేం చేస్తావులే. నీ ముఖం పాలిపోయింది చూడు, పాపం," అని ఓదార్చింది. ఆ ఓదార్పుకి అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే ఆవిడ చెప్పింది, అవి ఏమిటో. ఆవిడ గురువు ఒక పేద పండితుడు. అద్వైతం గురించి, అంటే ఉన్నది ఒక్కటే, రెండోది లేదు అనే మాట గురించి, ఆయన చెప్పిన పాఠాలు ఇవి. అందరికీ తెలిసిన గొప్ప భాష్యకారుడు చెప్పింది ఆవిడ సిరాతో మధ్యలో రాసుకుంది. అది ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. కానీ ఆ భాష్యకారుడికి ముందు ఎవరున్నారు, ఆ ఒక్క మాటను ఎవరెవరు ఎన్ని రకాలుగా అన్నారు అన్నది ఆయన నలభై ఏళ్లు వెతికి పోగుచేశాడు. పాఠం మధ్యలో అటూ ఇటూ పచార్లు చేస్తూ చెప్పేవాడు. ఆ వేగానికి సిరా అందేది కాదు. పెన్సిలుతో, చోటు దొరికిన చోట, అంచుల్లో గీసుకునేది. ఆయన పుస్తకం రాయకుండానే పోయాడు.

"ఆయన రాయలేదు కాబట్టి నేను రాద్దామనుకున్నాను. ఇప్పుడు జ్ఞాపకం ఉన్నంత రాస్తాను," అని మూడు నోటుబుక్కులూ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అయిదు నెలలు గడిచాయి. ఈ అయిదు నెలల్లో అట్టలాయన ఆవిడ వీధి వైపు వెళ్లలేదు. చుట్టూ తిరిగి వెళ్లేవాడు. పెళ్లాం అడిగితే, ఆ దారిలో కుక్క ఉందన్నాడు.

ఒకరోజు బావమరిది ఒక కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. "బావా, లెక్చరరమ్మ పుస్తకం. అచ్చుకి ఇచ్చేముందు నలుగురు పెద్దలకు చూపించాలంట. నాలుగు కాపీలు తీశాను, కుట్టు పడాలి. సోమవారం ప్రెస్సుకి వెళ్తుందంట."

అట్టలాయనకు కాగితాలు సర్దుతూ చదివే అలవాటుంది. చదువు తొమ్మిదితో ఆగినా, ముప్పై అయిదేళ్లుగా ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ సగం సగం చదివినవాడు. ఇదీ చదివాడు. మొదట అర్థం కాలేదు, తర్వాత కొంచెం కొంచెం అయింది. ఉపనిషత్తుల్లో ఒకచోట అంతా ఒకటే అన్నట్టుంటుంది, ఇంకోచోట వేరువేరు అన్నట్టుంటుంది. వాటిని కూడగట్టి ఒక్క తాటి మీదకు తేవాలని ఎందరో తంటాలు పడ్డారు. కొందరు, అలలూ నిజమే సముద్రమూ నిజమే, రెండూ వేరూ ఒకటీ కూడా అన్నారు. కొందరు, తెలుసుకుంటే చాలదు, చెయ్యాల్సిన పనీ చెయ్యాలన్నారు. ఆ భాష్యకారుడి గురువుకి గురువుగా చెప్పుకునే ఆయన, కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనబడుతుంది కానీ చక్రం ఎక్కడుంది, ఉన్నది ఒక్క నిప్పుకణమే కదా అన్నాడు. ఆ పోలిక బౌద్ధుల దగ్గరా ఉంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న తగువు ఇంకా తెగలేదు.

ఆ పాతవాళ్లలో చాలామంది పుస్తకాలు మిగల్లేదు. మరి వాళ్లేమన్నారో మనకెలా తెలుసంటే, వాళ్లది తప్పు అని రాసినవాళ్ల పుస్తకాల్లో, ఖండించడం కోసం ఎత్తిరాసిన వాక్యాలున్నాయి. అవే మిగిలాయి. ఎదుటివాళ్ల పుస్తకాల పొట్టలో దాక్కుని బతికారు.

ఆ అధ్యాయంలో చాలాచోట్ల ఖాళీలున్నాయి. ముందుమాట చివర ఆవిడ ఇలా రాసింది: 'ఈ తొలినాటి ఆచార్యుల గురించి మా గురువుగారు చెప్పిన మాటలు నా నోటుబుక్కుల అంచుల్లో ఉండేవి. నా అజాగ్రత్త వల్ల వాటిని ఎలుకలు తినేశాయి. ఈ ఖాళీలకు బాధ్యత నాది.'

అట్టలాయన ఆ కాగితం బల్ల మీద బోర్లించాడు. చెవులు కాలిపోతున్నాయి. ఇంతవరకూ తన అబద్ధం ఆవిడకూ తనకూ మధ్య ఉంది. సోమవారం నుంచి అది అచ్చులో ఉంటుంది, ఆవిడ తప్పుగా ఉంటుంది. ఇంకో వందేళ్ల తర్వాత చదివేవాడు కూడా, అయ్యో ఈవిడ ఎంత అజాగ్రత్త మనిషి అనుకుంటాడు.

వంగి మిషను కింద బుట్ట లాగాడు. పైన ఉన్నవన్నీ కొత్త పేలికలు. అడుక్కి చెయ్యి పెట్టి తీస్తే, పెన్సిలు రాత ఉన్నవి పదకొండు దొరికాయి. మిగతావి ఎక్కడున్నాయో అతనికి తెలుసు. అయిదు నెలలుగా కట్టిన పుస్తకాల వెన్నుల్లో ఉన్నాయి.

గోడ అవతలున్న బావమరిదిని పిలిచి చెప్పాడు. చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. బావమరిది విని, నవ్వి, "నువ్వు చదివిందే చెప్తున్నా బావా. ఉన్నది ఒకటే అయినప్పుడు కోసిందెవరు, కోయించుకున్నదెవరు? కత్తీ మాయే, కాగితమూ మాయే. టీ తాగు," అన్నాడు.

"మొన్న నీ మిషను బెల్టు తెగితే రెండు రోజులు అన్నం మానేశావు. అప్పుడు ఏమైంది ఈ మాయ?"

బావమరిది టీ గ్లాసు అక్కడ పెట్టి తన కొట్లోకి వెళ్లిపోయాడు.

అట్టలాయనకు ఒక ఉపాయం తట్టింది. ఎలాగోలా పేలికలన్నీ పోగుచేసి, ఎక్కడో దొరికాయని చెప్పి ఆవిడ చేతిలో పెట్టేస్తే సరి. మధ్యాహ్నం అన్నం దగ్గర ఇది పెళ్లాం చెవిన వేశాడు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎలుకలు తిన్న కాగితాలు ఎలా వచ్చాయంటే ఏం చెప్తారు? కక్కాయంటారా?"

"అది కాదే..."

"ఏది కాదు? అయిదు నెలల నుంచి కుక్క, కుక్క అని ఊరంతా తిరిగి వస్తున్నారు. ఆ వీధిలో కుక్క లేదని నాకు తెలీదనుకున్నారా?"

ఆ సాయంత్రం నుంచి తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. మొదట టైలరు దగ్గరికి వెళ్లాడు, అతని కొలతల పుస్తకం కోసం. నిజం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. "జిగురు సరిగా పట్టినట్టు లేదు. విప్పి మళ్లీ కట్టి ఇస్తాను," అన్నాడు. టైలరు మురిసిపోయి, అక్కడున్న ఇద్దరు ఖాతాదార్లను పిలిచి మరీ చూపించాడు. "చూశారా! తప్పు నాదని తనే వచ్చి చెప్తున్నాడు. నిజాయితీ అంటే ఇదీ!"

అట్టలాయన ఆ పుస్తకం చంకలో పెట్టుకుని దాదాపు పరుగెత్తాడు. ఒక అబద్ధం సరిచెయ్యడానికి బయలుదేరి, దారిలో ఇంకోటి ఆడి, దానికి మెప్పు కూడా పుచ్చుకున్నాడు. వీధి మలుపులో గోడకానుకుని నిలబడిపోయాడు. మళ్లీ టైలరు దగ్గరికి వెనక్కి వెళ్లి, ఖాతాదార్లు ఇంకా ఉండగానే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. టైలరు ముఖం చిన్నబోయింది. కొలత టేపు మెడలోంచి తీసి చుడుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎక్కడా అబద్ధమాడలేదు. అలాగని సులువవలేదు. గ్రంథాలయంలో పత్రికల సంపుటాలు ఇరవై ఇచ్చారు. బడిలో హాజరు రిజిస్టర్లు తొమ్మిది ఇచ్చి, హెడ్మాస్టరు కళ్లజోడు మీదుగా చూస్తూ, "మావి ఏం కోశావో అదీ చూసుకోవాలేమో," అన్నాడు. సంగీతం మాస్టారమ్మ అసలు ఇవ్వనంది. గుమ్మంలో గంట నిలబడితే ఇచ్చింది. నాలుగు రోజుల్లో నలభై మూడు పుస్తకాలు పోగయ్యాయి. అన్ని గుమ్మాల్లోనూ అదే కథ చెప్పాడు. ఇన్నిసార్లు చెబితే అరిగిపోతుందేమో అనుకున్నాడు కానీ, చివరి గుమ్మంలో కూడా మొదటిసారిలాగే నోరు ఎండిపోయింది.

ఒక్కో పుస్తకం అట్ట ఊడదీసి, గుడ్డ లేపి, వెన్ను మీద తడిబట్ట వేసి, జిగురు నానేదాకా కూర్చుని, పేలికలు ఒక్కొక్కటే లాగాడు. పక్కన పెళ్లాం వాటిని పాత పత్రికల మధ్య ఆరబెట్టింది. సిరా రాత అయితే ఆ తడికి ఎప్పుడో కరిగి నీలంగా పాకిపోయేది. పెన్సిలు కాబట్టి చెక్కుచెదరలేదు. పెన్సిలు రాతే కదా అనుకున్న మనిషికి ఇది బాగానే అయింది.

నూట ముప్పై ఎనిమిది దొరికాయి. మిగతావి ఊళ్లు దాటిపోయాయి. ఏదాని తర్వాత ఏదో అతనికి తెలియలేదు. ఆరిన పేలికల్లో ఒకటి మాత్రం అతను మళ్లీ మళ్లీ చదివాడు. దాని మీద ఇలా ఉంది: 'పాతవాళ్ల పద్ధతి. ఎదుటివాడి మాట వాడికంటే బాగా, పూర్తిగా ముందు చెప్పాలి. ఏదీ దాచకూడదు. ఆ తర్వాతే నీ జవాబు.'

ఆదివారం పొద్దున పేలికల పెట్టె పట్టుకుని మేడ ఎక్కాడు. లెక్చరరమ్మ తలుపు తీసి, సంతోషంగా, "రావయ్యా, ఎన్నాళ్లకి!" అంది. కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"అమ్మా, ఎలుకలు తినలేదు. నేను కోశాను."

పెట్టె మూత తీసి ముందు పెట్టాడు. ఎలా కోశాడో, ఎలా అబద్ధమాడాడో, పేలికలు ఎక్కడెక్కడ అతికించాడో, అన్నీ చెప్పాడు. ఆవిడ ఒక పేలిక తీసి వెలుతురుకి పెట్టి చూసింది. పెదవులు కదిలాయి. ఇంకోటి తీసింది. గురువుగారి మాటే కాబోలు, చదువుతూ ఒకచోట నవ్వు కూడా వచ్చిందావిడకి. అట్టలాయనకు ప్రాణం కాస్త లేచివచ్చింది.

అప్పుడావిడ తల ఎత్తకుండానే అడిగింది. "మూడూ ఒకేసారి పెట్టి కోశావా?"

అతను భయపడ్డది ఈ ప్రశ్నకే. అవునమ్మా అంటే చాలు. పొరపాటు ఒక్కటే అవుతుంది, అది ఎవరైనా చేసేదే అవుతుంది. ఆ గదిలో ఎవరూ చూడలేదు. ఏ పేలిక మీదా ఆ సంగతి రాసి లేదు.

"లేదమ్మా. మొదటిది తెలీక కోశాను. కోశాక రాత చూశాను. తర్వాత రెండూ... చూసే కోశాను. మీకు తెలియకుండా ఉండాలని కోశాను."

ఇంకేదైనా జవాబు ఉంటే అప్పుడు చెప్పాలి. అతని దగ్గర లేదు.

ఆవిడ చేతిలో ఉన్న పేలిక పెట్టెలో పెట్టి మూత వేసింది. "అటకంతా ఎలుకల మందు పెట్టించాను. బీరువాలో చీరలు తీసి బయట పడేసి పుస్తకాలు పెట్టాను. రోజూ ఆయన ఫోటో ముందు నిలబడి, క్షమించండి గురువుగారూ, నేనే పోగొట్టానని చెప్పుకున్నాను. అయిదు నెలలు చెప్పుకున్నానయ్యా!"

"అమ్మా..."

"వెళ్లు. ఇంక వెళ్లు నువ్వు."

తలుపు వేసుకుంది. మెట్ల మీద అతనికి ఎదురొచ్చిన ఎవరో పలకరించారు. ఎవరో, ఏమన్నారో అతనికి తెలియదు.

పుస్తకం ఆ సోమవారం ప్రెస్సుకు వెళ్లలేదు. మూడు నెలల తర్వాత వెళ్లింది. అచ్చయిన ఫారాలు, అంటే ఇంకా మడవని పెద్ద కాగితాలు, రెండు వందల కాపీలకు సరిపడా ఒక బండి మీద అట్టలాయన కొట్టు ముందే దిగాయి. వేరే బైండరు దగ్గరికి పంపిస్తుందనుకున్న మనిషి నోరు తెరుచుకుని చూశాడు. పైన ఒక చీటీ ఉంది. 'అంచులు కోయవద్దు' అని మాత్రమే ఉంది. కింద సంతకం కూడా లేదు.

ముందుమాట తీసి చూశాడు. ఎలుకలు లేవు. 'మా గురువుగారి మాటలున్న అంచులను ఒక బైండరు కోశారు. మొదటి నోటుబుక్కు తెలియక కోశారు. తర్వాతి రెండూ తెలిసే కోశారు. దొరికిన నూట నలభై తొమ్మిది పేలికలను నలభై మూడు పుస్తకాల వెన్నుల్లోంచీ, తన బుట్టలోంచీ తీసి ఇచ్చినది ఆయనే. ఈ విషయమంతా ఆయన చెబితేనే నాకు తెలిసింది.'

బావమరిది గోడ అవతల నుంచి వచ్చి అది చదివి, గొంతు తగ్గించి అన్నాడు. "బావా, ఆ ఒక్క ఫారం నేను మడిచేస్తాలే. నువ్వు చూడక్కర్లేదు."

"వద్దు," అన్నాడు అట్టలాయన.

రెండు వందల కాపీల్లోనూ ఆ ఫారం తనే మడిచాడు. మడిచిన ప్రతిసారీ ఆ అయిదు వాక్యాలూ కంటపడేవి. అంచులు కోయలేదు. ఒక కాగితం ముందుకీ ఒకటి వెనక్కీ ఉన్న ఆ దొంతర చూసి, పెదనాన్న బతికుంటే మళ్లీ ఒకటి తగిలించేవాడే.

ఆ పని మధ్యలో ఒకాయన కొట్టుకు వచ్చాడు. వాళ్ల నాన్నగారి డైరీలు ఆరో ఏడో గుడ్డసంచిలో తెచ్చాడు. అట్టలాయన చేతులు తుడుచుకునేలోగా, బల్ల మీదున్న పుస్తకం ఊరికే తిరగేసి, మొదటి పేజీల దగ్గర ఆగి చదివాడు.

"తెలిసే కోశాడంట చూడండి! ఎవరండీ ఆ బైండరు? ఈ ఊరివాడేనా?"

గోడ అవతల జిరాక్సు మిషను చప్పుడు ఆగింది. అట్టలాయనకు చెవులు మళ్లీ వేడెక్కాయి.

"నేనేనండి," అన్నాడు.

ఆయన అట్టలాయనను చూశాడు, కటింగు మిషనును చూశాడు. తర్వాత నాన్నగారి డైరీల సంచి బల్ల మీద నుంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు. మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. అట్టలాయన ఆయన్ని ఆపలేదు. స్టూలు దగ్గరకు లాక్కుని, తర్వాతి ఫారం తీసి మడవడం మొదలుపెట్టాడు.